స్వస్థత పొందని వారికి దొరికిన ఇల్లు: గీల్ పట్టణ ఆశ్రయ కుటుంబాల చరిత్ర

సంఘ చరిత్రను మనం మహాసభల చరిత్రగా, సంస్కర్తల చరిత్రగా, మిషనెరీల చరిత్రగా చదువుతాము. స్వస్థతలను గూర్చి కూడా కొంత చదువుతాము. అయితే ప్రార్థన తరువాత కూడా బాగుపడని వారు ఎక్కడికి వెళ్ళారన్న ప్రశ్నను చరిత్రకారులు అరుదుగా అడిగారు. ఆ ప్రశ్నకు బెల్జియం దేశంలోని గీల్ అనే పట్టణం ఇచ్చిన జవాబును ఈ వ్యాసంలో పరిశీలించదలిచాము.

గీల్ కథ డింఫ్నా అనే కన్యకతో మొదలవుతుంది. ఆమె 7వ శతాబ్దంలో ఐర్లండు రాజకుమార్తె అనీ, తల్లి చనిపోయాక మతి చలించిన తండ్రి తననే పెండ్లాడగోరగా పారిపోయి గీల్ చేరిందనీ, తండ్రి వెంబడించి వచ్చి అక్కడే ఆమె తల నరికాడనీ సంప్రదాయం. దీనిని కాంబ్రే పట్టణపు మతగురువు ఒకరు 13వ శతాబ్దంలో గ్రంథస్థం చేశారు. సంఘటనకూ రచనకూ మధ్య ఆరు వందల ఏళ్ళ దూరం ఉన్నందున దీనిని చరిత్రగా అంగీకరించలేము. పరిశుద్ధుల సమాధుల వద్ద మొక్కుబడులు కూడా మన సంస్కరణ సంప్రదాయానికి సరిపడవు. అయినా ఈ నమ్మకం చుట్టూ జరిగినది చరిత్రే గనుక దానిని పక్కన పెట్టలేము.

మతి చెడిన వారిని యూరపు నలుమూలల నుండి గీల్‌కు తీసుకొచ్చేవారు. దేవాలయానికి ఆనుకొని వారి కోసం ఒక గది ఉండేది. తొమ్మిది దినాలు అక్కడ ఉంచి ప్రార్థనలు, ఆచారాలు జరిపేవారు. బాగుపడినవారు ఇంటికి వెళ్ళేవారు. బాగుపడనివారు మిగిలిపోయేవారు. ఆ గది చాలక, మళ్ళీ మరో తొమ్మిది దినాలకు వేచియున్న వారిని మతగురువులు ఊరి రైతుల ఇళ్ళలో పెట్టసాగారు. వారాలు నెలలయ్యాయి, నెలలు జీవితకాలమయ్యాయి. గీల్ ఏర్పాటును ఎవరూ పథకం వేసి స్థాపించలేదు. స్వస్థత ఆలస్యమైన చోట, లేక అసలు రాని చోట, అది దానంతటదే మొలిచింది.

ఇక్కడ ఒక మాట. ఫోస్టర్ కేర్ అనగానే మనకు అనాథ పిల్లలే గుర్తుకొస్తారు. మన దేశంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చెప్పేదీ పిల్లల సంగతే. దత్తతతో వచ్చే వారసత్వం, ఇంటిపేరు ఇందులో రావు. పరాయి మనిషిని మన ఇంట ఉంచుకొని, మన బల్ల దగ్గర భోజనం పెట్టడమే ఇందులో ఉంది. గీల్ ప్రజలు దానిని పెద్దవారికి, అందునా ఎవరూ దగ్గరకు రానివ్వని పెద్దవారికి చేశారు.

వారిని దేవదూతలుగా చిత్రించడం మాకు ఇష్టం లేదు. వారు డబ్బు తీసుకున్నారు. రోగుల చేత పొలం పని, ఇంటి పని చేయించుకున్నారు. కొన్ని ఇళ్ళలో కాళ్ళకు ఇనుప సంకెళ్ళు కూడా ఉండేవి. 1821లో గీల్‌ను దర్శించిన ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరోల్ కాలానికీ అవి పోలేదు. కరుణ, జీవనోపాధి ఒకే ఇంట కాపురమున్నాయి. అయితే ఉపాధి ఉన్నంత మాత్రాన కరుణ అబద్ధమైపోతుందా? వేతనం తీసుకొనే కాపరులమైన మనం ఈ విషయంలో తొందరపడి తీర్పు చెప్పరాదు.

18వ శతాబ్దం చివర ఫ్రెంచి విప్లవ పాలనలో దేవాలయం మూతబడినా, ఇళ్ళు మూతబడలేదు. 1803లో బ్రస్సెల్స్ నగరం తన మతిస్థిమితం లేని రోగులను గీల్‌కు పంపింది. 1850లో బెల్జియం చేసిన చట్టం ఈ ఏర్పాటును ప్రభుత్వ వైద్య పర్యవేక్షణ కిందికి తెచ్చింది. 1862లో ఆసుపత్రి వచ్చింది. రోగిని ముందుగా అక్కడ కొంతకాలం గమనించి, తగిన కుటుంబాన్ని చూసి అప్పగించేవారు. కష్టకాలంలో వెనక్కి తీసుకొనేవారు. నర్సులు ఇళ్ళకు వెళ్ళి చూసేవారు. రోగానికి వైద్యులు పెట్టిన పేరును కుటుంబానికి చెప్పకపోవడం అక్కడి వాడుక. ఇంట్లో అతడు రోగి కాదు, బోర్డరు. తల్లిదండ్రులు చనిపోతే అతని బాధ్యత కొడుకుకో కూతురికో వచ్చేది.

పాఠకులలో కాపరులను ఆపగల వివరం ఒకటుంది. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో తండ్రి డచ్ సంస్కరణ సంఘ కాపరి. 1880లో తన కుమారుని గీల్‌కు పంపాలని ఆయన ఆలోచించాడు. విన్సెంట్ ఒప్పుకోలేదు. అప్పటికి అతడు బొగ్గుగనుల ప్రాంతంలో సువార్తికునిగా పనిచేసి, ఆ పనిలోనుండి తొలగించబడినవాడు.

1938లో గీల్ ఇళ్ళలో 3,736 మంది ఉన్నారు. 2003 నాటికి 516 మందే మిగిలారు, తరువాత ఇంకా తగ్గారు. వ్యవసాయం తగ్గింది, స్త్రీలు ఉద్యోగాలకు వెళ్ళారు, వేరే చికిత్సలు వచ్చాయి. 2023లో యునెస్కో ఈ వారసత్వాన్ని తన మేలైన పరిరక్షణ పద్ధతుల జాబితాలో చేర్చింది.

మన దగ్గర ఏమి జరిగింది? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కోసం వచ్చి గొలుసులతో బంధింపబడిన 28 మంది అగ్నికి ఆహుతయ్యారు. అది దర్గా ఊరు గదా అని తప్పుకోలేము. మన ప్రార్థనా మందిరాల వెనుక గదులలో గొలుసులు లేవని చెప్పగలమా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. సమాజం మధ్య బ్రదికే హక్కును కూడా ఇచ్చింది. గొలుసు తీసిన తరువాత ఆ మనిషి ఎవరి ఇంటికి వెళ్ళాలో చట్టం చెప్పలేదు. మార్కు సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు, సమాధులలో నివసించిన వానిని తన ఇంటివారి యొద్దకు పంపాడు. ఆ భాగం మీద మేము చేసిన ప్రసంగాలన్నీ దయ్యముల దగ్గరా పందుల దగ్గరా ఆగిపోయాయి.

మా సంఘంలో ఒక తల్లి తన కుమారుని ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తీసుకొచ్చేది. తైలముతో అభిషేకించి ప్రార్థించాము. నాలుగు నెలల తరువాత వారు రావడం మానేశారు. మేము వెళ్ళి అడగలేదు. అడగడానికి సిగ్గుపడ్డామన్నది నిజం. గీల్‌ను గురించి చదివిన తరువాతే వారి ఇంటికి వెళ్ళాము. ఆమె స్వస్థతను గురించి ఏమీ అడగలేదు. రాత్రి నిద్రపట్టి మూడేళ్ళయిందని మాత్రం చెప్పింది. ఇప్పుడు జిల్లా ఆసుపత్రి మందులు క్రమంగా వాడుతున్నారు. శనివారం సాయంత్రం నుండి ఆదివారం ఆరాధన వరకు ఆ అబ్బాయిని సంఘంలోని రెండు కుటుంబాలు వంతులవారీగా తమ ఇంట ఉంచుకుంటున్నాయి. మిగిలిన ఆరు రాత్రుల సంగతి సంఘ పెద్దల సమావేశంలో ఇంకా తేలలేదు.