మద్రాసు జోలికి ప్లేగు ఎందుకు రాలేదు?

1896లో బొంబాయి రేవు పక్కనున్న మాండ్విలో బయటపడిన ప్లేగు కొన్నేళ్లలోనే దేశంలో చాలా చోట్లకు పాకింది. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి వంటి జిల్లాలను కుదిపేసింది. మద్రాసు నగరం జోలికి మాత్రం పెద్దగా రాలేదు. అక్కడా రేవుంది, ధాన్యం గిడ్డంగులున్నాయి, ఎలుకలకు కొదవే లేదు. మరి ఎందుకు వదిలేసినట్టు?

మొదటి ఆధారం కరాచీది. 1898లో ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమాన్, ప్లేగును ఎలుక నుంచి ఎలుకకు మోసేది దాని ఒంటిమీద గెంతే రెక్కల్లేని పురుగు, ఫ్లీ, అని ప్రయోగం చేసి చూపాడు. చాలామంది నమ్మలేదు.

రెండోది బొంబాయిది. 1905 తర్వాత ప్లేగు పరిశోధక బృందం గినీ పందుల బోన్లను వేలాడదీసింది. నేలకు రెండంగుళాల ఎత్తున ఉన్నవాటికి రోగం సోకింది, రెండడుగుల ఎత్తున ఉన్నవాటికి సోకలేదు. ఫ్లీ అంత ఎత్తు గెంతలేదు మరి. నేరస్థుడు దొరికాడు కానీ మద్రాసు సంగతి తేలలేదు. అక్కడి ఎలుకల మీదా ఫ్లీలున్నాయి కదా!

మూడో ఆధారం సూక్ష్మదర్శిని కింద దొరికింది. అంతా ఒకటే అనుకున్న ఫ్లీలలో, చియోపిస్ అనే జాతికి దగ్గరి పోలికలున్న ఆస్టియా అనే మరో జాతిని కీటక శాస్త్రవేత్త రోత్‌షీల్డ్ 1911లో వేరు చేశాడు. కొలంబోలో వైద్యుడు ఫేబియన్ హర్స్ట్ ఎలుకలను పరీక్షిస్తే ఎక్కువగా ఆస్టియాయే కనిపించింది. మద్రాసులోనూ అంతే. బొంబాయిలో మాత్రం చియోపిస్‌దే రాజ్యం. ప్లేగును మనిషికి అంటించడంలో ఆస్టియా దానికి సాటిరాదు.

1914లో కొలంబోకూ ప్లేగు వచ్చింది. ఆస్టియా ఉన్నచోట ప్లేగు ముదరదన్న ఊహ వీగిపోయినట్టే అనిపించింది. కానీ రోగం ముదిరిన చోటు, దిగుమతి ధాన్యం నిల్వచేసే పేటా ప్రాంతం. అక్కడే చియోపిస్ కూడా దొరికింది. బస్తాలతో పాటు అది ఓడ దిగిందన్నమాట. అయితే జాతి ఒక్కటే కారణం కాదు, మద్రాసు ఎండ వేడి కూడా రోగవ్యాప్తికి అడ్డుపడి ఉంటుంది.

రేవుల్లో నేటికీ జరిగే తనిఖీకి, ఫ్లీ ఏ జాతిదో చూడాలన్న ఈ పాఠమే పునాది. బోనులో పడ్డ ఎలుకను గుడ్డసంచిలోకి మార్చి, మత్తిచ్చి, తెల్లని పళ్లెం మీద బ్రష్షుతో దువ్వుతారు. రాలిన ఫ్లీలను జాతివారీగా లెక్కిస్తారు. ఎలుక చచ్చి చల్లబడితే ఫ్లీలు దిగిపోతాయి కాబట్టి ఆలస్యం చేస్తే లెక్క తప్పుతుంది.

రెండు రేవుల్లో ఒక్కోచోట 20 ఎలుకల మీద 60 ఫ్లీలు దొరికాయనుకుందాం. ఒకచోట అన్నీ ఆస్టియా అయితే చియోపిస్ సూచిక, అంటే ఎలుకకు సగటున ఉన్న చియోపిస్‌ల లెక్క, సున్నా. రెండోచోట సగం చియోపిస్ అయితే ఒకటిన్నర. ఒకటి దాటితే అప్రమత్తం కావాలన్నది వాడుకలో ఉన్న కొలత. రెండు రేవుల్లోనూ ఎలుకలు అన్నే, ఫ్లీలు అన్నే. జాతి పేరు రాయకపోతే రెండు రిజిస్టర్లూ ఒకేలా కనిపిస్తాయి, ప్రమాదం ఏ రేవులో ఉందో తెలియదు.