బూజుకు కావలసింది తేమ

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తపతి నది పొంగి, సూరత్ నగరం చాలావరకు మునిగింది. తెలంగాణ నుంచి వలసవెళ్లిన పద్మశాలీలెందరికో అక్కడి మరమగ్గాలే జీవనాధారం. ఇటువంటి వరద తీశాక బట్టలకు, తివాచీలకు మరో శత్రువు ఉంది. అదే బూజు.

బూజు ఒక శిలీంధ్రం. గాలిలో ఎప్పుడూ ఉండే దాని సిద్ధబీజాలు తేమ, ఆహారం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తుతాయి. పాలియెస్టరు దానికి కొరుకుడు పడదు. కాని ఆ బట్టకు అంటిన గంజి, మురికి చాలు, పెరుగుతుంది.

మరి నూలుబట్ట సంగతి? రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులలో అమెరికా సైనికుల నూలు గుడారాలు చివికిపోయాయి. సోలమన్ దీవుల గుడారపు గుడ్డ నుంచి వేరుచేసిన ఒక బూజును ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ ఏళ్ల తరబడి పరిశోధించారు. నూలులోని సెల్యులోజును అది ఎంజైములతో చక్కెరగా మార్చుకుని తింటుందని తేలింది. 1977లో దానికి రీస్ పేరిట 'ట్రైకోడెర్మా రీసై' అని నామకరణం చేశారు. నేడు ఆ ఎంజైములనే జీన్స్ బట్టను మెత్తబరచడానికి వాడుతున్నారు!

మీ ఇంట్లో తివాచీ బూజు పడితే ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట దులపండి. సబ్బునీటితో కడిగి, అడుగు వైపు కూడా పూర్తిగా ఎండనివ్వండి. మరక పోయినంత మాత్రాన బూజు పోయినట్లు కాదు. తేమ మిగిలితే అది మళ్లీ వస్తుంది.