యంత్రం రాసుకునే చిట్టా



పాతకాలపు కొట్లలో ఏ రోజు లావాదేవీలు ఆ రోజే వరుసగా రాసే పుస్తకాన్ని చిట్టా అనేవారు. ఈ మాట మనకే కాదు, పొరుగున ఉన్న కన్నడ, తమిళ భాషలకూ తెలుసు. లెక్క దగ్గర తగాదా వస్తే ముందు చిట్టా తీయవలసిందే. కంప్యూటరు కూడా అలాంటిదే ఒకటి రాసుకుంటుంది. దాని పేరు లాగ్.

1980ల తొలినాళ్లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల ప్రోగ్రాము రాశారు. అది చేసిన పనులు నమోదు చేయడానికి సిస్‌లాగ్‌ను రూపొందించారు. క్రమంగా మిగతా ప్రోగ్రాములూ దాన్నే వాడుకున్నాయి. ప్రతి కబురుకూ సున్నా నుంచి ఏడు వరకు తీవ్రతను సూచించే అంకె ఉంటుంది. సున్నా అంటే యంత్రం పనికిరాని స్థితి. ఏడు అంటే తప్పులు వెతికేవారికి పనికివచ్చే చిన్న వివరం.

చిట్టా విలువ ఎంతో 1986లో బర్క్‌లీలోనే తెలిసింది. అక్కడి లారెన్స్ ప్రయోగశాలలో కంప్యూటరు వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దాని వెంటపడ్డారు. దొంగతనంగా చొరబడినవాడు యంత్రంలోని నమోదులను చెరిపివేయగలడు. అందుకని స్టోల్ బయటి నుంచి వచ్చే లైన్లకు ప్రింటర్లు తగిలించి, వాడు కొట్టే ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి ఎక్కించారు. ఆ జాడ చివరికి పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరానికి చేరింది. దొంగ చేతికి అందని చోట ఉండబట్టే ఆ చిట్టా సాక్ష్యమయింది.

1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టారు. సిస్‌లాగ్ పద్ధతి దానిలోకీ వచ్చింది. వార్ అనే డైరెక్టరీలోని లాగ్ అనే డైరెక్టరీలో డెబియన్ వర్గంలో సిస్‌లాగ్, రెడ్‌హ్యాట్ వర్గంలో మెసేజెస్ అనే ఫైలు ఉండేది. మామూలు అక్షరాలే కనుక ఎవరైనా తెరిచి చదువుకునేవారు.

2011లో సిస్టమ్‌డి బృందం జర్నల్ అనే కొత్త చిట్టాను ప్రకటించింది. దీన్ని జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశంతో చదవాలి. 2023లో వచ్చిన డెబియన్ 12లో పాత సిస్‌లాగ్ ఫైలు దానంతటది ఏర్పడదు. కొత్తగా లినక్స్ ఎక్కించినవారు అది కనబడక కంగారుపడతారు. చిట్టా పోలేదు, చోటు మారిందంతే.

అయితే ఒక జాగ్రత్త అవసరం. జర్నల్‌డి డాట్ కాన్ఫ్ అనే అమరిక ఫైలులో స్టోరేజ్ అన్నచోట ఆటో అని ఉంటే, లాగ్ డైరెక్టరీలో జర్నల్ అనే డైరెక్టరీ ఉన్నప్పుడే చిట్టా డిస్కు మీద నిలుస్తుంది. లేకుంటే తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉండి, యంత్రం ఆపి మళ్లీ వేయగానే పోతుంది. ఆటో బదులు పర్సిస్టెంట్ అని రాసి, జర్నల్ సేవను తిరిగి ప్రారంభిస్తే చిట్టా నిలుస్తుంది. డిస్కు నిండిపోకుండా సిస్టమ్ మ్యాక్స్ యూజ్ దగ్గర పరిమితి పెట్టుకోవచ్చు. పదిమంది ఆధారపడే యంత్రమైతే ఒక ప్రతిని మరో యంత్రానికి పంపే ఏర్పాటు కూడా చేసుకోవాలి. నాడు స్టోల్ ప్రింటర్లు చేసిన పని అదే.

యంత్రం చెడినరోజు చిట్టా కోసం వెతకడం కాదు, ఎక్కించిన రోజే అది ఎక్కడుందో, నిలుస్తుందో లేదో చూసుకోవాలి. నిన్నటి పుట చిరిగిపోయాక నేటి తగాదా తీర్చడం ఎవరి తరమూ కాదు.