షాట్‌గన్ మాటల్లో మిగిలిపోయిన పావురం

ఈ ఎపిసోడ్‌లో గేజ్, చోక్, పుల్, ప్లగ్ అంటూ షాట్‌గన్ పదాలు చాలానే దొర్లాయి. చెవితో వింటే అన్నీ గుర్తుండవు కదా, అందుకే ముఖ్యమైనవి ఇక్కడ రాసి పెడుతున్నాం. ఒక్కో మాట వెనక అమెరికా చరిత్ర కొంత ఉంది. అందులో ఎక్కువ భాగం పక్షులదే.

ముందు అసలు తేడా చూద్దాం. రైఫిల్ ఒక్కసారికి ఒక్క గుండు వదులుతుంది. షాట్‌గన్ తూటాలోంచి మామూలుగా చిన్న చిన్న గుళ్ళు గుంపుగా వస్తాయి. ఆ గుళ్ళ పేరే 'షాట్'. ఎగిరే పిట్టని ఒక్క గుండుతో కొట్టడం కష్టం కాబట్టి ఈ పద్ధతి. సన్నవి బర్డ్‌షాట్, లావువి బక్‌షాట్. బక్ అంటే మగ జింక.

మన ఊళ్ళలో 'పన్నెండు బోరు తుపాకి' అనేదాన్నే ఇక్కడ 12 గేజ్ అంటారు. ఒక పౌను, అంటే దాదాపు 454 గ్రాముల సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా చేస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత: సుమారు 18.5 మిల్లీమీటర్లు. కిలోకి మూడు మామిడికాయలు తూగితే పెద్దవి, ఆరు తూగితే చిన్నవి. ఇదీ అంతే. అందుకే 20 గేజ్ అంకె పెద్దదైనా గొట్టం సన్నం. .410 ఒక్కటే దీనికి లొంగదు, అది నేరుగా అంగుళాల కొలత.

గొట్టం చివర కాస్త ఇరుకు చేస్తే గుళ్ళు తొందరగా చెదిరిపోకుండా దూరం దాకా దగ్గరదగ్గరగా వెళ్తాయి. అదే చోక్. 1860, 70ల్లో ఇది బాగా మెరుగుపడింది. పావురాల గుంపులు ఎక్కడ దిగాయో టెలిగ్రాఫ్ చెప్పేది, చంపినవాటిని రైళ్ళు నగరాలకి మోసేవి. పాసెంజర్ పావురాలు ఒకప్పుడు 300 నుంచి 500 కోట్లు ఉండేవని అంచనా. తుపాకులొక్కటే కాదు, వలలు వేసి, గూళ్ళలో పిల్లల్ని రాల్చి కూడా వాటిని పట్టారు.

వాటితో పందేలు కూడా ఆడారు. బతికున్న పావురాన్ని పెట్టెలో పెట్టేవాళ్ళు, ఆ పెట్టె పేరు ట్రాప్. షూటర్ "పుల్" అనగానే తాడు లాగేవాళ్ళు, పిట్ట ఎగిరేది. 1881లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో జరిగిన పోటీకి పాసెంజర్ పావురాల్ని వేలల్లో తెప్పించారు. దానికి ముందు ఏడాదే, 1880లో, సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోస్కీ మట్టి బిళ్ళకి పేటెంట్ తీసుకున్నాడు. అదే క్లే పిజన్, మట్టి పావురం. 1914 సెప్టెంబర్ 1న ఆఖరి పాసెంజర్ పావురం, మార్తా, చనిపోయింది కూడా అదే సిన్సినాటి జూలోనే. ఈ రోజుకీ రేంజ్‌లో బిళ్ళని 'బర్డ్' అనే పిలుస్తారు, తగలకపోతే 'లాస్ట్' అంటారు.

ఈలోగా తుపాకి వేగం పెరిగింది. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ 1897లో, గొట్టం కింద ఉన్న పిడిని వెనక్కీ ముందుకీ జరిపితే చాలు, కాలిన తూటా బయటపడి కొత్తది లోపలికి వెళ్తుంది. ఇదే పంప్ యాక్షన్. జోడు గొట్టాల తుపాకి రెండు దెబ్బల తర్వాత ఆగాల్సిందే, దీనికి ఆ ఇబ్బంది లేదు.

అందుకే చట్టం తుపాకి లోపలికే వచ్చింది. 1918లో వలస పక్షుల రక్షణ చట్టం చేశారు. 10 గేజ్ కంటే పెద్ద షాట్‌గన్‌తో ఆ పక్షుల్ని వేటాడకూడదు. 1935 నుంచి వాటి వేటలో షాట్‌గన్‌లో మూడు తూటాలకి మించి పట్టకూడదన్నారు. తూటాలుండే గొట్టంలో మిగతా చోటు నింపడానికి పెట్టే పుల్లే 'ప్లగ్'. 1991 నుంచి బాతుల వేటలో దేశమంతటా సీసపు గుళ్ళు నిషేధం. చెరువు అడుగున పడ్డ గుళ్ళని బాతులు మింగి విషంతో చచ్చిపోయేవి. దుకాణంలో డబ్బా మీద 'స్టీల్' అని కనిపించేది అందుకే.

గేజ్, చోక్ తుపాకి ఎలా పనిచేస్తుందో చెప్తాయి. ప్లగ్, స్టీల్ మాత్రం ఎక్కడ ఆగాలో చెప్తాయి. ఆ రెండు మాటలూ పాసెంజర్ పావురానికి అందలేదు, బాతులకి అందాయి.