లేని సింహాసనానికి వారసులెవరు? నిజాం బిరుదు నుంచి రష్యా కిరీటం వరకు

రాచరికం రద్దయిన చోట సింహాసనం మిగలదు. దానికి వారసులం మేమేననేవారు మాత్రం మిగులుతారు. హైదరాబాద్ ఎనిమిదవ నిజాంగా పేరొందిన ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో కన్నుమూసిన తరువాత ఈ సంగతి మరోసారి రుజువైంది. అధికారం, రాజభరణం, ప్రభుత్వ గుర్తింపు ఏవీ లేని తొమ్మిదవ నిజాం బిరుదుకు ఒకరికి బదులు ఇద్దరి పేర్లు ముందుకు వచ్చాయి. 1917లో కూలిపోయిన రష్యా సింహాసనం విషయంలోనూ దాదాపు ఇదే పరిస్థితి. రాజ్యం లేనప్పుడు వారసుడిని నిర్ణయించేది ఎవరు? ఆ నిర్ణయానికి ఇప్పుడు విలువ ఏమిటి? ఈ ప్రశ్నలకు హైదరాబాద్ చరిత్రలో స్పష్టమైన సమాధానాలు ఉన్నాయి.

అంకెల్లో లేని నిజాంలు

అసఫ్ జాహీ వంశ పాలన 1724లో మొఘల్ సుబేదారు మీర్ ఖమరుద్దీన్ ఖాన్‌తో మొదలైంది. ఆయనే మొదటి నిజాం. ఈ వంశంలో జ్యేష్ఠ పుత్రుడికే గద్దె దక్కాలన్న లిఖిత శాసనం లేదు. ఏలిక అభీష్టం, సర్దార్ల మద్దతు, ఢిల్లీ చక్రవర్తి ఫర్మానా అనే మూడూ కలిస్తేనే వారసత్వం నిలిచేది. 1748లో మొదటి నిజాం మరణించగానే ఈ మూడూ మూడు దారులు పట్టాయి.

పెద్ద కుమారుడు ఘాజీయుద్దీన్ ఢిల్లీలో ఉండగా, రెండవ కుమారుడు నాసిర్ జంగ్ దక్కన్‌లో అధికారం చేపట్టారు. కుమార్తె కొడుకైన ముజఫర్ జంగ్ ఆయనను ఎదిరించారు. నాసిర్ జంగ్‌ను ఆంగ్లేయులు, ముజఫర్ జంగ్‌ను ఫ్రెంచివారు బలపరిచారు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ హతులయ్యారు. రెండు నెలలు తిరగకముందే, 1751 ఫిబ్రవరిలో, రాయచోటి ప్రాంతంలో ముజఫర్ జంగ్ కూడా ప్రాణాలు కోల్పోయారు. వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే మొదటి నిజాం మరో కుమారుడు సలాబత్ జంగ్‌ను ఏలికగా ప్రకటించారు. 1752లో ఘాజీయుద్దీన్ చక్రవర్తి ఫర్మానాతో దక్కన్‌కు వచ్చారు గాని, ఔరంగాబాద్‌లోనే మరణించారు.

సలాబత్ జంగ్ పదకొండేళ్లు పాలించారు. అయినప్పటికీ నిజాంల వరుస సంఖ్యలో ఆయనకు చోటు లేదు. నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్‌లకూ లేదు. సలాబత్ జంగ్‌ను 1762లో తొలగించి గద్దెనెక్కిన తమ్ముడు నిజాం అలీ ఖానే రెండవ అసఫ్ జాగా లెక్కకు వచ్చారు. అసఫ్ జా బిరుదు ఉన్నవారినే అంకెల్లో లెక్కించడం ఇందుకు కారణం. గద్దెపై కూర్చోవడం ఒకటి, వారసుడిగా గుర్తింపు పొందడం మరొకటి అన్న సత్యం ఈ సంఖ్యాక్రమంలోనే ఉంది.

గోల్‌మురి తెలుగువారికీ సంబంధించిన తగవు

ఈ వారసత్వ తగవు ఒక రాజకుటుంబంలోనే ముగిసిపోలేదు. తనను నిలబెట్టిన ఫ్రెంచి సైన్యం ఖర్చుల నిమిత్తం సలాబత్ జంగ్ 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను వారికి అప్పగించారు. ఆ సర్కార్లలో శిస్తు వసూలుకు, జమీందారులను లోబరచుకోవడానికి బుస్సీ సాగించిన దండయాత్రలో భాగంగానే 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఆంగ్లేయులు ఫ్రెంచివారిని ఓడించారు. 1766లో నిజాం అలీ ఖాన్ చేసుకున్న సంధితో ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి.

ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌కు ఉక్కు పరిశ్రమతో పాటు తరలివచ్చి, గోల్‌మురి వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలకు చెందినవే. ఆ పూర్వీకుల గ్రామాలు హైదరాబాద్ ఏలుబడి నుంచి తప్పుకొని, తరువాతి కాలంలో మద్రాసు రాజధానిలో భాగం కావడానికి మూలం 1748 నాటి వారసత్వ కలహమే. గద్దె ఎవరిదన్న వివాదంలో మధ్యవర్తులుగా వచ్చినవారు చివరకు భూమిని తీసుకున్నారు.

తండ్రిని దాటి మనుమడికి

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కారు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనిక చర్యతో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 వరకు ఆయన రాజప్రముఖ్‌గా కొనసాగారు.

ఆయన పెద్ద కుమారుడు ఆజం జాకు బ్రిటిష్ కాలంలోనే బేరార్ యువరాజు బిరుదు ఉండేది. గద్దె ఆయనకే దక్కుతుందని లోకం భావించింది. 1954లో ఏడవ నిజాం ఆజం జాను పక్కనబెట్టి, ఆయన కుమారుడు ముకర్రం జాను వారసుడిగా ప్రకటించారు. 1967 ఫిబ్రవరి 24న ఏడవ నిజాం మరణించగా, ఏప్రిల్ 6న చౌమహల్లా ప్యాలెస్‌లో ముకర్రం జా పట్టాభిషేకం జరిగింది. ఆజం జా అప్పటికి జీవించే ఉన్నారు. తండ్రి ఉండగా కుమారుడు గద్దెనెక్కినా ఆ వారసత్వం చెల్లింది. ఏలిక నిర్ణయానికి భారత ప్రభుత్వ గుర్తింపు తోడు కావడమే ఇందుకు కారణం. ఒకప్పుడు మొఘల్ ఫర్మానా, ఆ తరువాత బ్రిటిష్ ప్రభుత్వ ఆమోదం నిర్వహించిన పాత్రను ఇక్కడ రాష్ట్రపతి గుర్తింపు నిర్వహించింది.

1971: గుర్తించేవారు లేని రోజు

రాజ్యాంగంలోని 366వ అధికరణం 22వ ఖండం ప్రకారం రాష్ట్రపతి గుర్తించిన వ్యక్తే పూర్వ సంస్థానానికి ‘పాలకుడు’. రాజభరణాలకు 291వ అధికరణం, వ్యక్తిగత హక్కులకు, మర్యాదలకు 362వ అధికరణం హామీ ఇచ్చాయి. వీటిని తొలగించే సవరణ బిల్లు 1970లో రాజ్యసభలో వీగిపోయింది. 1970 సెప్టెంబరు 6న రాష్ట్రపతి ఉత్తర్వుతో పాలకులందరి గుర్తింపు రద్దయింది. అదే ఏడాది డిసెంబరు 15న సుప్రీంకోర్టు మాధవరావు సింధియా కేసులో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. చివరకు 1971 డిసెంబరులో 26వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. 291, 362 అధికరణాలు తొలగిపోయాయి. కొత్తగా చేర్చిన 363ఎ అధికరణం పాలకుల గుర్తింపుకు, రాజభరణాలకు శాశ్వతంగా ముగింపు పలికింది.

ముకర్రం జా ఆ విధంగా ప్రభుత్వ గుర్తింపు పొందిన చివరి నిజాం అయ్యారు. ఆ తరువాతి కాలంలో ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలోని గొర్రెల క్షేత్రంలోను, ఆపై తుర్కియేలోను జీవించారు. ఆయన పార్థివదేహం హైదరాబాద్‌కు చేరినప్పుడు తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలు సమకూర్చింది. మక్కా మసీదు ప్రాంగణంలో పూర్వ నిజాంల సమాధుల చెంత ఖననం జరిగింది. అవి మర్యాద కోసం చేసిన ఏర్పాట్లే తప్ప వారసత్వ గుర్తింపు కావు.

ఇద్దరు ‘తొమ్మిదవ నిజాంలు’

ముకర్రం జా పెద్ద కుమారుడు అజ్మత్ జాను 2023 జనవరిలోనే కుటుంబం తరఫున ఉత్తరాధికారిగా ప్రకటించారు. 1960లో లండన్‌లో జన్మించిన ఆయన ఛాయాగ్రహణంలోను, చలనచిత్ర రంగంలోను పనిచేశారు. మరోవైపు అసఫ్ జాహీ వంశీకుల సంఘం మజ్లిస్-ఎ-సాహెబ్‌జాదగాన్ అదే ఏడాది రౌనక్ యార్ ఖాన్‌ను తొమ్మిదవ నిజాంగా ప్రకటించింది.

ఒక వర్గం వాదనకు ఆధారం ప్రత్యక్ష రక్తసంబంధం. మరో వర్గానికి ఆధారం విస్తృత వంశీకుల ఆమోదం. అసఫ్ జాహీ చరిత్రలో ఈ రెండింటికీ పూర్వ నిదర్శనాలు చూపవచ్చు. తేడా ఒక్కటే: 1762లో గాని, 1967లో గాని తగవు తీర్చే పై అధికారం ఒకటి ఉండేది. నేడు అటువంటి అధికారం లేదు. బిరుదులను నిషేధించే రాజ్యాంగంలోని 18వ అధికరణం కింద ప్రభుత్వం కొత్తగా ఆ పాత్ర చేపట్టే అవకాశమూ లేదు.

లండన్ నిధి: బిరుదు వేరు, ఆస్తి వేరు

బిరుదుకు విలువ లేకపోయినా వారసత్వ వివాదానికి విలువ ఉంది. ఇందుకు లండన్‌లోని ‘హైదరాబాద్ నిధి’ తగిన ఉదాహరణ. 1948 సెప్టెంబరు 20న, విలీనం జరిగిన మూడు రోజులకు, 10,07,940 పౌండ్ల 9 షిల్లింగుల మొత్తం బ్రిటన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతూలా పేరిట వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు ఖాతాకు బదిలీ అయింది. కొద్ది రోజులకే తన ఆమోదం లేకుండా ఈ బదిలీ జరిగిందని ఏడవ నిజాం అభ్యంతరం తెలిపారు. బ్యాంకు ఆ సొమ్మును ఎవరికీ ఇవ్వలేదు. ఆయన వేసిన దావా 1957లో సార్వభౌమ మినహాయింపు కారణంగా హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో నిలిచిపోయింది.

2013లో పాకిస్తాన్ దావా వేయడంతో కేసు మళ్లీ తెరుచుకుంది. 2019 అక్టోబరు 2న న్యాయమూర్తి మార్కస్ స్మిత్ తీర్పు వెలువరించారు. అప్పటికి ఆ నిధి సుమారు 3.5 కోట్ల పౌండ్లకు పెరిగింది. సొమ్ముపై నిజమైన హక్కు ఏడవ నిజాందేనని, ఆయన ద్వారా హక్కు పొందిన భారత ప్రభుత్వానికి, మనుమలు ముకర్రం జా, ముఫఖ్ఖం జాలకు అది చెందుతుందని తీర్పు పేర్కొంది. వీరు ముగ్గురూ అంతకుముందే పరస్పరం ఒప్పందానికి వచ్చినందున ఎవరి వాటా ఎంతన్న ప్రశ్న కోర్టు ముందుకు రాలేదు. ఏడవ నిజాం ఇతర వారసులు కొందరు తమకూ వాటా ఉందంటూ కేసును తిరిగి తెరవాలని కోరగా, 2020లో అదే న్యాయస్థానం నిరాకరించింది.

ఇక్కడ రెండు వారసత్వ సూత్రాలు ఢీకొంటాయి. గద్దె విభజనకు లొంగదు, ఒక్కరికే చెందుతుంది. ముస్లిం వారసత్వ చట్టం ప్రకారం వ్యక్తిగత ఆస్తి మాత్రం భార్యలకు, కుమారులకు, కుమార్తెలకు నిర్ణీత వాటాలుగా పంపిణీ కావాలి. కుమార్తెకు కుమారుడి వాటాలో సగం దక్కుతుంది. ఏడవ నిజాం సంతతి విస్తారమైనది. ఫలానా ఆస్తి గద్దెకు చెందిందా, వ్యక్తికి చెందిందా, ట్రస్టుకు చెందిందా అన్న తేడాపైనే అనేకమంది వంశీకుల జీవనాధారం ఆధారపడి ఉంది. నిజాం నగల విషయంలో ఈ చిక్కు కొంతవరకు తీరింది. ట్రస్టుల ఆధీనంలోని 173 నగలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. జాకబ్ వజ్రం అందులోనిదే.

రష్యా: శాసనం ఉంది, రాజ్యం లేదు

హైదరాబాద్‌లో లిఖిత నియమం లేకపోవడం సమస్య అయితే, రష్యాలో నియమం ఉండీ తగవు తీరలేదు. చక్రవర్తి మొదటి పావెల్ 1797లో చేసిన శాసనం ప్రకారం పురుష సంతతికే ప్రాధాన్యం. పురుషులందరూ అంతరించాకే స్త్రీలకు అవకాశం. సమాన హోదా గల రాజవంశంలో వివాహం జరగాలన్న నిబంధన తరువాత చేరింది.

1917 మార్చిలో రెండవ నికోలాస్ తన తరఫున, కుమారుడి తరఫున సింహాసనాన్ని వదులుకొని తమ్ముడు మిఖాయిల్‌కు అప్పగించారు. రాజ్యాంగ సభ కోరితేనే స్వీకరిస్తానని మిఖాయిల్ మరుసటి రోజే ప్రకటించారు. అటువంటి కోరిక ఎన్నడూ రాలేదు. చక్రవర్తి పినతండ్రి కుమారుడు కిరిల్ 1924లో ప్రవాసంలో తానే చక్రవర్తినని ప్రకటించుకున్నారు. ఆయన మనుమరాలు మారియా వ్లాదిమిరోవ్నా, ఆమె కుమారుడు గియోర్గి ఇప్పుడు ప్రధాన హక్కుదారులుగా చెప్పుకొంటున్నారు. మారియా తల్లి జార్జియాకు చెందిన బగ్రాతియోన్ వంశీయురాలు. ఆ వంశం సమాన హోదా గలదా కాదా అన్నదే వారి ప్రత్యర్థుల ముఖ్య అభ్యంతరం. కిరిల్ మునిమనుమడైన జర్మన్ రాజవంశీయుడు కార్ల్ ఎమిచ్ 2013లో ఆర్థొడాక్స్ మతం స్వీకరించగా, రష్యాలోని ఒక రాచరికవాద పార్టీ ఆయనను వారసుడిగా ప్రకటించింది. రష్యా పాలనా విధానాన్ని ప్రజలే నిర్ణయించాలన్నది రొమానోవ్ కుటుంబ సంఘం వైఖరి.

2021 అక్టోబరు 1న గియోర్గి వివాహం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సెయింట్ ఐజాక్ కెథడ్రల్‌లో వైభవంగా జరిగింది. అయితే రష్యా 1993 నాటి రాజ్యాంగం ప్రకారం గణతంత్ర రాజ్యం. చౌమహల్లాలో జరిగే పట్టాభిషేకానికి ఉన్నంత చట్టబద్ధతే ఆ వేడుకకూ ఉంది.

చరిత్ర మరోలా సాగి ఉంటే

ప్రత్యామ్నాయ చరిత్రను ఊహించేవారు హైదరాబాద్ విషయంలో రెండు మలుపులను తరచుగా ప్రస్తావిస్తారు. మొదటిది 1948. సైనిక చర్య లేకుండా సంస్థానం ఏదో ఒక ఒప్పందంతో కొనసాగి ఉంటే వారసుడు ఆజం జానా, ముకర్రం జానా అన్నది ఏడవ నిజాం ఇష్టంపైనే ఆధారపడేది. అయితే ఆ ఊహ ఒక్క అంతఃపురానికే పరిమితం కాలేదు. రైతాంగ పోరాటం, రజాకార్ల హింస, ప్రజా ప్రాతినిధ్యం కోసం సాగిన ఉద్యమాలు అప్పటికే ఆ గద్దె పునాదులను కదిలించాయి.

రెండవది ఖిలాఫత్. 1924 మార్చి 3న తుర్కియే పదవి నుంచి తొలగించిన చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రుషెహ్వార్ 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఆజం జాను వివాహమాడారు. ముకర్రం జా వారి మొదటి కుమారుడు. తాతల ద్వారా అటు నిజాం గద్దె, ఇటు ఖలీఫా పీఠం రెండూ ఆయనకే సంక్రమించేవన్న వాదన దీని నుంచి పుట్టింది. ఒట్టోమన్ సంప్రదాయం ఇందుకు అనుకూలించదు. అక్కడ వారసత్వం పురుష సంతతిలో వయసున పెద్దవాడికి దక్కుతుంది. కుమార్తె ద్వారా సంక్రమించదు.

మిగిలేది ఏమిటి?

గోల్‌మురి నుంచి ఎంతో దూరం పోనవసరం లేకుండానే మరో నిదర్శనం కనిపిస్తుంది. పొరుగున ఉన్న సరాయికేలా, ఖర్సావాన్ సంస్థానాలు 1948 జనవరి 1న ఒడిశాలో విలీనమయ్యాయి. దానిని వ్యతిరేకిస్తూ ఖర్సావాన్‌లో గుమిగూడిన ఆదివాసులపై అదే రోజు పోలీసులు కాల్పులు జరిపారు. మే 18న ఆ రెండూ బిహార్‌కు మారాయి. సరాయికేలా రాజుల పాలన ముగిసింది. వారి పోషణలో ఎదిగిన ఛౌ నృత్యం నిలిచి, 2010లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది.

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణ అనంతరం సందర్శకులకు తెరుచుకుంది. ఖిల్వత్ మందిరంలోని పాలరాతి పీఠం తఖ్త్-ఎ-నిషాన్‌ను ఇప్పుడు టికెట్టు కొన్నవారెవరైనా చూడవచ్చు. దానిపై హక్కు ఎవరిదన్న ప్రశ్నకు చట్టంలో సమాధానం లేదు, అవసరమూ లేదు. ఆ పీఠం చుట్టూ ఉన్న భవనాలు, నిధులు, వాటాలు ఎవరివన్న ప్రశ్నకు మాత్రం సమాధానం కావాలి. దానిని చెప్పాల్సింది సివిల్ న్యాయస్థానాలే.