చర్మం చెప్పే సాక్ష్యం

రొమ్ము క్యాన్సర్ చరిత్రను ఎక్కువగా గడ్డ చరిత్రగానే రాశారు. గడ్డ ఎంతుంది, ఎక్కడికి పాకింది, ఎంత కోసేశారు అన్నదే అందులో కనిపిస్తుంది. ఆ చరిత్రను చర్మం వైపు నుంచి చదవడం మొదలుపెట్టాక నాకు వేరే సంగతులు కనబడ్డాయి.

1894లో బాల్టిమోర్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ తన ఆపరేషన్ గురించి ప్రచురించాడు. రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ తీసేయడమే ఆ పద్ధతి. ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదన్న నమ్మకం దశాబ్దాలపాటు సాగింది. 1943లో న్యూయార్క్ డాక్టర్లు హాగెన్సెన్, స్టౌట్ పాత రోగుల రికార్డులు తిరగేసి, ఎవరిని కోయకూడదో చెప్పారు. చర్మం విస్తారంగా వాచినా, దానిమీద చిన్న చిన్న కణుతులు లేచినా, రొమ్మంతా ఎర్రబడినా ఆ కోత పనికిరాదన్నారు. కత్తికి హద్దు గీసిన గుర్తుల్లో చర్మానివి ముఖ్యమైనవి.

అదే కాలంలో ఫ్రాన్స్‌లో పియర్ దెనువా టీఎన్‌ఎం పద్ధతికి రూపమిచ్చాడు. నేటికీ రిపోర్టుల్లో ఉండేవి ఆ అక్షరాలే. టీ అంటే గడ్డ, ఎన్ అంటే లింఫు గ్రంథులు, ఎమ్ అంటే దూరంగా పాకడం. గడ్డ 2 సెంటీమీటర్ల లోపైతే టీ1, 5 లోపైతే టీ2, దాటితే టీ3. కానీ క్యాన్సర్ వల్ల చర్మం పుండు పడినా, విడిగా కణుతులు కనిపించినా, నారింజ తొక్కలా గుంటలు పడి ఉబ్బినా గడ్డ ఎంత చిన్నదైనా టీ4బి. రొమ్ము చర్మంలో మూడోవంతు, ఆపైన ఎర్రబడి ఉబ్బి, అది ఆరు నెలల్లోపు వచ్చిందైతే టీ4డి, అంటే ఇన్‌ఫ్లమేటరీ క్యాన్సర్. ఉత్త సొట్ట పడితే టీ4 కాదు. చర్మంలో క్యాన్సర్ కణాలు మైక్రోస్కోపులో మాత్రమే కనిపించినా కాదు. ఇన్ని యంత్రాలొచ్చినా ఈ నిర్ణయం కంటిచూపు మీదే నిలబడింది.

మరి ఎవరి కన్ను, ఏ చర్మం? ‘ఎర్రబడటం’ అన్నది తెల్లచర్మాన్ని చూసి రాసిన మాట. మన చామనచాయ, నలుపు ఒంటిమీద అది ఊదాగానో, కమిలినట్టో, ఇంకాస్త నల్లబడినట్టో ఉండొచ్చు. పాలిచ్చే తల్లికైతే పాలగడ్డ అనుకుని యాంటీబయాటిక్ రాస్తారు. వారం పది రోజుల్లో తగ్గకపోతే బయాప్సీ ఎందుకు చెయ్యరని అడగాల్సింది మనమే.

నా స్నేహితురాలి రిపోర్టులో టీ4బి చూసి ఇంట్లోవాళ్లు నాలుగో దశ అనుకున్నారు. ఆమెకు చెప్పకుండా చాటుగా ఏడ్చారు. టీ4 వేరు, నాలుగో దశ వేరు. దూరంగా పాకకపోతే అది మూడో దశే. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్ అనే క్రమం 1970ల నుంచి వచ్చాక, ఒకప్పుడు చెయ్యి వదిలేసిన స్త్రీలలాంటివాళ్లు ఎందరో బతికి బయటపడుతున్నారు.

మన రొమ్మును మనమే చూసుకోకూడదన్నట్టు పెంచారు మనల్ని. అద్దం ముందు నిలబడితే సిగ్గులేదన్నారు. కానీ టీ4డి అని రాయాలంటే డాక్టరు ఒక ప్రశ్న అడిగి తీరాలి: ఇది ఎప్పుడు మొదలైంది? ఆ తేదీ ఏ స్కానింగులోనూ దొరకదు. తన ఒంటిని తాను చూసుకున్న స్త్రీ మాత్రమే దాన్ని చెప్పగలదు.