పన్ను దక్కుతుందా? రూట్ కెనాల్‌కు ముందు పరిశీలన

దెబ్బతిన్న పన్నుకు రూట్ కెనాల్ మొదలుపెట్టే ముందు, అది మళ్లీ నమలడానికి పనికొస్తుందో లేదో తేల్చుకోవాలి. రూట్ కెనాల్ అంటే పన్ను లోపలి గుజ్జు తీసి, వేర్లలోని కాలువలు శుభ్రం చేసి మూసెయ్యడం. పుచ్చి రాలిపోయిన గోడను అది తిరిగి కట్టదు.

నొప్పిని బట్టి ఈ నిర్ణయం చెయ్యకూడదు. రాత్రంతా నిద్రపట్టనివ్వని పన్ను చాలాసార్లు నిక్షేపంగా దక్కుతుంది. చిగురు మీద చీము పొక్కు లేచినా అంతే. కాలువలు శుభ్రపడితే వేరు కొన దగ్గర అరిగిన ఎముక చాలావరకు పూడుకుంటుంది. ఏ బాధా పెట్టని మొండి పన్నే ఒక్కోసారి దక్కదు.

డాక్టరు ముందు పాత ఫిల్లింగ్‌నూ మెత్తబడిన పుచ్చునూ పూర్తిగా తొలిచేస్తారు. అప్పుడు గానీ మిగిలిందెంతో కనపడదు. చిగురుకు పైన చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉంటే క్యాప్‌కు పట్టు దొరుకుతుంది. రోకలి చివరి పొన్ను కర్ర చీలకుండా బిగించినట్టే, క్యాప్ అంచు ఈ గోడను చుట్టి పట్టుకుంటుంది. దంతవైద్యులు ఫెర్రూల్ అనేది దీన్నే. గోడ పొట్టిదైతే చిగురునూ ఎముకనూ కాస్త తగ్గించే శస్త్రచికిత్స ఉంది గానీ, పొట్టి వేర్ల పన్నుకు అది పనికిరాదు.

తర్వాత గీతలున్న సన్నని ప్రోబ్‌తో చిగురు చుట్టూ కొలుస్తారు. ఆరోగ్యమైన చిగురులో అది 1 నుంచి 3 మిల్లీమీటర్లు దిగి ఆగుతుంది. చుట్టూ అలాగే ఆగి, ఒక్కచోట మాత్రం సర్రున లోతుకు జారిందంటే వేరు నిలువునా చీలిందేమోనని అనుమానించాలి. ఎక్స్‌రేలో ఆ చీలిక తరచు కనపడదు. నిజంగా చీలితే, ఒకే వేరున్న పన్ను తీసెయ్యక తప్పదు.

ఖమ్మం–భద్రాచలం అడవి అంచున దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మమత దంతవైద్య కళాశాల ఖమ్మంలో ఉంది. చర్ల, దుమ్ముగూడెం నుంచి అక్కడికి రావాలంటే భద్రాచలం చేరి, గోదావరి దాటి, ఇంకా 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. చికిత్సకు రెండు మూడు సార్లు, క్యాప్‌కు మళ్లీ రావాల్సి రావచ్చు. మిర్చి కోతల రోజుల్లో వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. నొప్పి తగ్గిందని మధ్యలో మానేస్తే, బోలుగా మిగిలిన దవడ పన్ను ఏ ఎముక ముక్కో కొరికినప్పుడు పెళ్లున విరుగుతుంది. కాబట్టి "మళ్లీ ఎన్నిసార్లు రాగలవమ్మా?" అన్న ప్రశ్న ఎక్స్‌రే అంత ముఖ్యం. వీలైన పన్నుకు కాలువల పని ఒకే రోజు ముగించి, గట్టి ఫిల్లింగ్‌తో పైభాగమంతా కప్పి పంపడం ఇక్కడ మేలు.

పై పన్ను పీకితే చూపు పోతుందన్న భయం ఇప్పటికీ ఉంది. అందులో నిజం లేదు. ఆ భయంతో ఆగినవాళ్లకు, తొలిచాక మిగిలిన పన్నును చేతి అద్దంలో చూపించి, గోడ ఎక్కడ ఉందో ఎక్కడ లేదో వేలుపెట్టి చెప్పాలి.